పాత ఓడ, కొత్త అంచనా

2024 డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం ఢిల్లీలోని ఆంధ్రభవన్‌లో భోజనం వరుసలో నిలబడి ఉండగా, మా సహోద్యోగి కుమార్తె ఒక ప్రశ్న వేసింది. విమానవాహక నౌక విక్రమాదిత్యను డ్రై డాక్‌లో ఉంచి మరమ్మతు చేయడానికి రక్షణ మంత్రిత్వ శాఖ కొచ్చిన్ షిప్‌యార్డుతో 1,207.5 కోట్ల రూపాయల ఒప్పందం కుదుర్చుకున్నదన్న వార్తను ఆమె అప్పుడే చదివింది. "అంకుల్, అది బాగుచేయించి తెచ్చుకున్న ఓడే కదా! అప్పుడు మొదట వేసిన లెక్క ఎంత, చివరికి అయినదెంత? మీరంతా లెక్కలు వేసేవాళ్ళేగా, ఈసారైనా ఈ డబ్బు సరిపోతుందా?" అని నిలదీసింది. "డాక్‌లో నీళ్ళు తోడితేగానీ తెలియదమ్మా" అన్నాము. "ఇదేం లెక్క అంకుల్!" అని నవ్వింది. ఇంతలో వరుస కదిలింది.

మేము చెప్పినది నిజమే గాని, సమాధానం మాత్రం కాదు. అంచనాల విభాగంలో సగం జీవితం గడిపిన వారము కనుక ఆ నవ్వు మమ్మల్ని కొంత బాధించింది. ఇదే సందేహం మన ఉద్యోగుల ఇళ్ళలో మరికొందరికి కూడా ఉండవచ్చునని తలచి, యుద్ధనౌకల ఆధునికీకరణకు డబ్బు ఎలా లెక్కకడతారో, ఆ లెక్క ఎందుకు తప్పుతుందో ఇక్కడ వివరించదలచాము.

ఢిల్లీకి సముద్రం లేదు. ఉన్నదల్లా యమున. అయినప్పటికీ మన యుద్ధనౌకల రూపకల్పనలో పెద్ద భాగం ఈ నగరంలోనే జరుగుతుంది. నౌకానిర్మాణ అధికారులకు శిక్షణనిచ్చే విభాగం హౌజ్ ఖాస్‌లోని ఐ.ఐ.టి.లో ఉన్నది. నగరంలో 13 చోట్ల చెదరి ఉన్న నౌకాదళ ప్రధాన కార్యాలయానికి 2024 మార్చిలో ఢిల్లీ కంటోన్మెంటులో నౌసేనా భవన్ పేరిట సొంత భవనం ఏర్పడింది. ఓడ విశాఖలో తేలినా, కార్వార్‌లో తేలినా, దాని మీద ఖర్చయ్యే రూపాయి ఢిల్లీ ఫైళ్ళ మీదుగా ప్రయాణం చేయవలసిందే.

ఆ రూపాయి రెండు సంచులలో వస్తుంది. జీతాలు, ఇంధనం, విడిభాగాలు, ఏటేటా జరిగే మరమ్మతులు రెవెన్యూ సంచిలోనివి. కొత్త ఓడలు, విమానాలు, పాత ఓడల ఆయుర్దాయాన్ని పెంచే భారీ ఆధునికీకరణ పనులు క్యాపిటల్ సంచిలోనివి. పద్దుల భాషలో చెప్పాలంటే నౌకాదళపు రెవెన్యూ వ్యయం 2077 పద్దు కింద, త్రివిధ దళాల మూలధన వ్యయం 4076 పద్దు కింద వస్తాయి. 2025-26 బడ్జెట్టులో రక్షణ శాఖకు మొత్తం 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించగా, అందులో మూలధన వ్యయానికి దక్కినది 1.80 లక్షల కోట్లు. అంకె పెద్దదే. కాని అందులో అధిక భాగం గత సంవత్సరాలలో సంతకాలు చేసిన ఒప్పందాల వాయిదాలకే సరిపోతుంది. మొదటి తారీఖున జీతం రాగానే ఇంటి అప్పు వాయిదా, పిల్లల ఫీజు పక్కన పెట్టి, మిగిలినదానితో నెల గడిపే గృహిణులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఒక పాత ఓడ అంచనా పెరిగిందంటే, ఆ పెరిగిన మొత్తం ఈ మిగులులో నుంచే పోవాలి. అనగా ఇంకెవరిదో కొత్త పని ఆగిపోవాలి.

పాత పెంకుటిల్లు బాగుచేయించిన వారికి మిగిలిన కథ కూడా సగం తెలిసినట్లే. నాలుగు పెంకులు మార్చుదామని మేస్త్రీని పిలుస్తాము. పెంకు ఎత్తితే వాసం పుచ్చి ఉంటుంది. వాసం తీస్తే దూలానికి చెద పట్టి ఉంటుంది. దూలం మార్చాలంటే గోడ తల విప్పాలి. మేస్త్రీ మొదట చెప్పిన ధరలో అబద్ధమేమీ లేదు. అతను కిందనుంచి చూసి చెప్పాడు, అంతే.

ఓడకు పట్టే చెద తుప్పు. ఉప్పునీరు, చెమ్మ, వేడి ఈ మూడూ కలిసిన చోట ఉక్కు రేకు పలచబడుతుంది. రంగు వేసిన పైభాగం నున్నగా కనిపిస్తుంది. అల్ట్రాసోనిక్ పరికరంతో రేకు మందం కొలవవచ్చు గాని, పరికరాన్ని ఆనించగలిగిన చోటనే కొలవగలము. యంత్రాల పీఠాల కింద, ట్యాంకుల మూలల్లో, వేడి ఆపే పూతల వెనక, పైపులు గుంపుగా పోయే ఇరుకు దారుల్లో చేయి కూడా పట్టదు. ఆ చోట్లు తెరవాలంటే ముందు ఓడను యార్డుకు తేవాలి. యార్డుకు తేవాలంటే ఒప్పందం కావాలి. ఒప్పందానికి ధర కావాలి. ధరకు అంచనా కావాలి. అంచనాకు ఆ చోట్లు తెరిచి చూడాలి. ఈ చక్రం నౌకానిర్మాణ వృత్తిలో ఎవరినీ వదలలేదు.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో తూర్పు తీరాన ఒక మరమ్మతు యార్డులో కొంతకాలం పనిచేశాము. అక్కడ ఒక వృద్ధ చార్జిమన్ ఉండేవారు. చదువు తక్కువ, చెవి చురుకు. చిన్న సుత్తితో రేకు మీద తట్టి, శబ్దాన్నిబట్టి మందం చెప్పేవారు. ప్రతి అంచనా పుస్తకంలోనూ చివరి పేజీ ఖాళీగా వదిలి, పైన "తెరిచాక" అని రాసుకునేవారు. ఒక పాత టగ్గు అంచనాలో మేము ఆ పేజీకి కూడా కొంత మొత్తం వేసి పంపితే, లెక్కల విభాగం దానిని ఎర్రసిరాతో కొట్టివేసింది. లేని పనికి డబ్బు ఇవ్వడం కుదరదన్నారు. వారి నియమం ప్రకారం వారు చేసినది సరైనదే. టగ్గు అడుగురేకులు విప్పిన తరువాత పట్టిన ఉక్కు మా అంచనాకు రెండింతలు దాటింది. అదనపు మంజూరు కోసం ఫైలు తిరిగినన్నాళ్ళూ టగ్గు డాక్‌లోనే ఉన్నది, డాక్ అద్దె పెరుగుతూనే ఉన్నది. చివరికి ఉక్కు ఖర్చు కంటే నిరీక్షణ ఖర్చే మమ్మల్ని ఎక్కువ నొప్పించింది.

ఆధునికీకరణలో తుప్పు ఒక్కటే చిక్కు అయితే కొంత నయం. పాత రాడార్ తీసి కొత్తది పెట్టాలంటే కొత్త రాడార్ ధర పట్టికలో దొరుకుతుంది. కాని దానికి ఎక్కువ విద్యుత్తు కావాలి. అందుకు పెద్ద జనరేటరు కావాలి. అది వేడెక్కకుండా చల్లని నీరు కావాలి, నీటికి పైపులు, పైపులకు దారి కావాలి. రాడార్ స్తంభం మీద ఎత్తున ఉంటుంది కనుక ఓడ గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది. స్థిరత్వం చెడకుండా మళ్ళీ లెక్కవేయాలి, అవసరమైతే అడుగున బరువు చేర్చాలి. పరికరం ధర ఎవరైనా చెప్పగలరు. దానిని ఓడలో ఇమిడ్చే ధర చెప్పడమే కష్టం. 2023 అక్టోబరులో కొచ్చిన్ షిప్‌యార్డుతో 313.42 కోట్ల రూపాయలకు కుదిరిన ఐ.ఎన్.ఎస్. బియాస్ ఒప్పందాన్ని చూడండి. ఆ ఫ్రిగేట్‌లోని ఆవిరి యంత్రాల స్థానంలో డీజిల్ యంత్రాలు పెట్టడం అందులో ముఖ్యమైన పని. చెప్పడానికి ఒక్క వాక్యం. కాని ఆవిరి పోతే బాయిలరు పోతుంది, దాని బరువు పోతుంది, పొగగొట్టం మారుతుంది, ఇంధనపు ట్యాంకుల అమరిక మారుతుంది. మనిషికి గుండె మార్చిన తరువాత రక్తనాళాలన్నీ సరిచూసుకోవలసి వచ్చినట్లు.

గోర్ష్‌కోవ్ పాఠం

ఇక ఆ అమ్మాయి అడిగిన ఓడ సంగతి. ఇది 1987లో సోవియట్ నౌకాదళంలో బాకు అన్న పేరుతో చేరింది. తరువాత అడ్మిరల్ గోర్ష్‌కోవ్ అయినది. 1994లో బాయిలరు గదిలో ప్రమాదం జరిగింది, 1996లో సేవ నుంచి తొలగించారు. మన విరాట్ ముసలిదవుతున్నది, కొత్త విమానవాహక నౌక ఇంకా కాగితాల మీదనే ఉన్నది. ఆ పరిస్థితిలో 2004 జనవరి 20న ఢిల్లీలో ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఓడ ఉచితం. బాగుచేసి, విమానవాహక నౌకగా మార్చి ఇచ్చినందుకు 97.4 కోట్ల డాలర్లు. గడువు 2008 ఆగస్టు.

"ఓడ ఉచితం" అన్న మాట వినడానికి ఎంత హాయిగా ఉంటుందో, అంచనాదారుకు అంత భయం కలిగిస్తుంది. సెవెరోద్విన్‌స్క్‌లోని సెవ్‌మాష్ యార్డుకు జలాంతర్గాముల నిర్మాణంలో పేరున్నది, విమానవాహక నౌకల అనుభవం లేదు. పని ప్రారంభించి లోపలి భాగాలు విప్పుతున్న కొద్దీ, ముందుగా పూర్తి పరిశీలన జరగలేదన్న నిజం బయటపడింది. 2,500 గదులలో 1,750 గదులను తిరిగి కట్టవలసి వచ్చింది. 8 బాయిలర్లూ కొత్తవి పెట్టారు. కొత్తగా పరచిన తీగల పొడవు 2,300 కిలోమీటర్లు. ఢిల్లీ నుంచి విశాఖకు రైలుమార్గం కూడా అంత ఉండదు! పాత తీగను పొడిగించి వాడుకోవచ్చునని కాగితం మీద రాయడం తేలిక. ఇన్సులేషను పెళుసుబారిన తీగను పట్టుకుని చూసిన ఎలక్ట్రీషియన్ ఆ మాట రాయడు.

2007లో రష్యా పక్షం మరో 120 కోట్ల డాలర్లు అడిగింది. 2009లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక ఈ వ్యవహారాన్ని తీవ్రంగా విమర్శించింది. పరిమితమైన ఆయుర్దాయం గల పాత ఓడను కొత్త ఓడ ధరకు మించి కొంటున్నామన్నది దాని సారాంశం. దీర్ఘకాలపు సంప్రదింపుల తరువాత 2010 మార్చిలో ధర 235 కోట్ల డాలర్లకు ఖరారైనది. 2012 సెప్టెంబరులో సముద్ర పరీక్షలలో పూర్తి వేగం అందుకోబోగా 8 బాయిలర్లలో 7 మొరాయించాయి. ఆస్బెస్టాస్‌కు బదులు వాడిన ఇటుకల పొర వేడికి తట్టుకోలేదని చెప్పారు. మరో ఏడాది పోయింది. ఎట్టకేలకు 2013 నవంబరు 16న విక్రమాదిత్య మన నౌకాదళంలో చేరింది. 97.4 ఎక్కడ, 235 ఎక్కడ!

ఇందులో మోసం వెదికేవారు వెదుకుతారు, అది మా పని కాదు. అంచనాదారుగా మాకు కనిపించేది వేరు. 97.4 కోట్లు తప్పు అంకె అనడం కంటే, అది చూసిన పనికి మాత్రమే కట్టిన ధర అనడం సబబు. చూడని పనికి ధర సున్నా అని ఒప్పందమే ఒప్పుకున్నది. సంతకం నాటికి పూర్తి పరిశీలనకు ఏడాది సమయం, అందుకు తగిన రుసుము ఇచ్చి ఉంటే, ధర ఎలాగూ పెరిగేది. కాని ఆ ధరకు ఈ ఓడ కావాలా వద్దా అని నిర్ణయించుకునే స్వేచ్ఛ మన చేతిలో ఉండేది. 2007 నాటికి డబ్బు సగం చెల్లించి, ఓడ విప్పి, తిరిగి రాలేని చోట నిలబడ్డాము.

కొత్త ఓడకైతే ఈ బాధ లేదా అంటే, ఉన్నది. కొచ్చిన్‌లో కట్టిన స్వదేశీ విక్రాంత్‌కు 2003లో 3,261 కోట్ల రూపాయలు మంజూరు కాగా, 2014లో ఆ మొత్తాన్ని 19,341 కోట్లకు సవరించారు. 2022 సెప్టెంబరు 2న అది సేవాప్రవేశం పూర్తిచేసుకున్నది. కాని అక్కడ పెరిగిన ఖర్చుతో పాటు దేశంలో ఒక విద్య మిగిలింది. దాని లెక్క ఏ పద్దులోనూ కనిపించదు గనుక ఇక్కడ వదిలివేస్తున్నాము.

విశాఖలో తొమ్మిదేళ్ళు

తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణ సింధుకీర్తి. 1948 మార్చిలో జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా జల ఉషను నీటిలోకి విడిచిన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డుకు, 2006లో ఈ జలాంతర్గామి మధ్యంతర మరమ్మతు కోసం వచ్చింది. అది తిరిగి నౌకాదళానికి చేరేసరికి 2015 అయినది. ఆ కాలంలో, 2010లో, షిప్‌యార్డు నౌకారవాణా శాఖ నుంచి రక్షణ శాఖకు మారింది. జలాంతర్గామిని విప్పిన తరువాత పైపులు, తీగలు అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా మార్చవలసి వచ్చింది. ఒక్కొక్క విడిభాగం రష్యా నుంచి రావాలి, ఒక్కొక్క అదనపు పనికి అనుమతి ఢిల్లీ నుంచి రావాలి. పత్రికలు ఎగతాళి చేశాయి. యార్డు కార్మికులు ఆ ఎగతాళిని మోస్తూనే పని నేర్చుకున్నారు. తరువాత అదే యార్డులో మరమ్మతయిన సింధువీర్ 2020లో మయన్మార్ నౌకాదళానికి వెళ్ళింది.

ఇలాంటి ఆలస్యం బడ్జెట్టును రెండు వైపుల నుంచి కొడుతుంది. ఒప్పందంలో డబ్బు దశలవారీగా చెల్లిస్తారు. హల్ పని పూర్తయితే ఇంత, యంత్రాలు అమర్చితే ఇంత. దశ పూర్తి కాకపోతే ఆ వాయిదా చెల్లించరు. మార్చి 31 వచ్చేసరికి ఆ డబ్బు ఖర్చు కాలేదు గనుక వెనక్కి ఇచ్చివేయాలి. మార్చి చివరి వారంలో ఢిల్లీ కార్యాలయాలలో రాత్రి పొద్దుపోయేదాకా దీపాలు వెలగడానికి కారణం ఇదే. పై ఏడాది ఆ దశ పూర్తవుతుంది, వాయిదా అడుగుతారు. కాని కొత్త సంవత్సరపు కేటాయింపులో దానికి చోటు ఉండదు. ఒకే ఓడ, ఒక ఏడాది మిగులు, మరు ఏడాది తగులు. ఏటా మురిగిపోని ఆధునికీకరణ నిధి ఉండాలన్న ఆలోచన పాతదే. గోర్ష్‌కోవ్ ఒప్పందమైన రెండు వారాలకే, 2004 ఫిబ్రవరిలో, ఆర్థికమంత్రి జస్వంత్ సింగ్ 25,000 కోట్ల రూపాయలతో అటువంటి నిధిని ప్రతిపాదించారు. అది నడవలేదు. మళ్ళీ 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 2.38 లక్షల కోట్ల నిధిని సూచించింది. ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. సూత్రప్రాయం అన్న మాటకు ఢిల్లీలో ఎంత బరువో ఉద్యోగులైన పాఠకులకు తెలియనిది కాదు.

ఓడ యార్డులో ఆగిన ప్రతి నెలా దాని కాపలా భారాన్ని ఇంకొక ఓడ మోయాలి. ఆ ఓడ మరమ్మతు గడువు వెనక్కి పోతుంది. కాగితం మీద ఇది ఒక తేదీ మార్పు. లోపల మనుషులున్నారు. 2014 ఫిబ్రవరి 26న, మరమ్మతు ముగించుకుని సముద్ర పరీక్షలలో ఉన్న జలాంతర్గామి సింధురత్నలో ముంబై సమీపాన పొగ కమ్మి ఇద్దరు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి నైతిక బాధ్యత వహించి అదే రోజు రాజీనామా చేశారు. ఆ ప్రమాదానికి బడ్జెట్టు కారణమని మేము అనడం లేదు. మేము లెక్కకట్టే తీగ, బ్యాటరీ, కవాటం వెనక ఎవరో ఊపిరి పీల్చుకుంటూ ఉంటారన్న సంగతి మాత్రం ఆనాటి నుంచి మా విభాగంలో ఎవరమూ మరువలేదు.

ఇప్పుడు మారినదేమిటి? 2023 జూన్‌లో మజగావ్ డాక్‌తో 2,725 కోట్ల రూపాయలకు కుదిరిన శంకుష్ ఒప్పందంలో మరమ్మతుతో పాటు ఆయుర్దాయ ధ్రువీకరణ కూడా ఒక భాగం. 1986లో సేవలో చేరిన ఆ జలాంతర్గామి దేహం ఇంకెన్నాళ్ళు నిలుస్తుందో పరీక్షించి రాసి ఇవ్వాలి. చూడడానికి కూడా ధర కట్టారన్నమాట. అంతకంటె మాకు సంతోషం కలిగించినది 2025 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన రక్షణ కొనుగోళ్ళ మాన్యువల్. ఓడలు, విమానాల మరమ్మతు ఒప్పందాలలో పని పెరుగుదల కోసం 15 శాతం మొత్తాన్ని ముందుగానే చేర్చుకునే వీలు అందులో కల్పించారు. ఓడను విప్పిన తరువాత బయటపడిన ప్రతి పుచ్చు రేకుకూ కొత్త ఫైలు నడపనక్కరలేదు. టగ్గు అంచనాలో ఎర్రసిరాతో కొట్టివేసిన పంక్తికి ఇన్నాళ్ళకు నియమావళిలో చోటు దొరికింది.

15 శాతం చాలుతుందా? పదేళ్ళ ఓడకు బహుశా చాలవచ్చు. ముప్పై ఏళ్ళ జలాంతర్గామికి చాలదని మా అనుభవం. పైగా ఆ 15 శాతం దేనిమీద లెక్కిస్తారు? మొదటి అంచనా మీదనే కదా. పోటీలో పని దక్కించుకోవడానికి యార్డు మొదటి అంకెను తగ్గించి వేస్తే, 15 శాతం కూడా దానితోపాటే తగ్గుతుంది. గోర్ష్‌కోవ్‌కు ఇదే వెసులుబాటు ఉన్నదనుకుందాము. 97.4 కోట్ల మీద 15 శాతం అంటే 14.6 కోట్ల డాలర్లు. చివరికి పెరిగినది 137.6 కోట్లు. కాబట్టి డిఫెక్ట్ లిస్టు తయారుచేసే ఓడ సిబ్బందికి, దానిని చదివి ధర కట్టే మనకు మధ్య ఉత్తరాలు సరిపోవు, కలిసి ఓడ అడుగుకు దిగాలి. మన అంచనాల విభాగంలో కొత్తగా చేరిన యువ ఇంజనీర్లను ఈ సంవత్సరం నుంచి నెల రోజులపాటు యార్డుకు పంపాలని మేము ప్రతిపాదించాము. ప్రయాణ భత్యం ఏ పద్దు కింద రాయాలన్న దగ్గర ఆ ఫైలు ప్రస్తుతం ఆగి ఉన్నది.